సలహా చెప్పువానికి శిక్షణ యక్కరలేదా?

గత వేసవిలో పడమటి మండలములనుండి యొక రైతు చిత్తూరులోని మా కార్యాలయమునకు తాకట్టు దస్తావేజు వ్రాయించుకొనుటకై వచ్చెను. ఎకరమున్నర మామిడితోట తాకట్టు పెట్టవలెనట. కారణమడుగగా కూతురి చదువని చెప్పెను. ఆ బిడ్డ అప్పటికే మూడేండ్ల డిగ్రీ ముగించినది. మంచి మార్కులతోనే ముగించినది. ఇంటర్మీడియెటులో జీవశాస్త్రములు చదివి, పిమ్మట వృక్షశాస్త్రములో ఎం.ఎస్‌సి. చేసి, కాలేజీలో అధ్యాపకురాలు కావలెనని ఆమె కోరిక. కాని డిగ్రీలో ఆమె పేరున నమోదైనది కంప్యూటరు విషయము. ఆ పట్టాతో వృక్షశాస్త్రపు ఎం.ఎస్‌సి.లో చేర వీలులేదన్న సంగతి పట్టా చేతికి వచ్చిన పిమ్మట తెలిసినది. మరల డిగ్రీ చదువవలెను, దానికి సొమ్ము కావలెను, సొమ్మునకు తోట.

"కంప్యూటరు తీసుకొమ్మని ఎవరు చెప్పినారన్నా?" అని మేమడిగితిమి.

"ఎవరు చెప్తారు సార్? నెట్ సెంటరు పిల్లోడు పేర్లన్నీ చదివినాడు. కంప్యూటర్‌కే ఉద్యోగాలు అన్నాడు. వాడే టిక్కు పెట్టినాడు. కాలేజీలో సార్లు ఫీజు కట్టమన్నారు, కట్టినాము" అని యతడు బదులు చెప్పెను.

దస్తావేజు వ్రాసి యిచ్చితిమి. రుసుము పుచ్చుకొనుటకు మాత్రము చేయి రాలేదు. ఇందు తండ్రి తప్పు లేదు, బిడ్డ తప్పు లేదు. నెట్ సెంటరు కుర్రవానినైనను మేము నిందింపము. అతడు తనకు తెలిసినది చెప్పెను. చెప్పవలసినవారు నోరు మెదపకపోవుటచేత ఆ పని యతని నెత్తిన పడినది. ఈ వారము మేము ప్రశ్నింపదలచినది ఆ చెప్పవలసినవారిని, వారిని ఆ పనికి సిద్ధపరుపవలసిన విశ్వవిద్యాలయములను.

మన రాష్ట్రమున "కౌన్సెలింగు" అను మాట తెలియని యిల్లు లేదు. ఆ మాటకు అసలు అర్థము ఆలోచన చెప్పుట. మనదగ్గర దానికి సీటు పంచిపెట్టుట యని యర్థము స్థిరపడినది. కౌన్సెలింగు మొదలైనది, కౌన్సెలింగులో సీటు వచ్చినది అందుము గాని, కౌన్సెలింగులో ఎవరైన నాలుగు మాటలు కూర్చుండి చెప్పిరా యని యొకరినొకర మడుగము. ఇంజనీరింగు చదువులకు మొదలైన యీ పద్ధతి 2020 నుండి డిగ్రీ కాలేజీలకును ఆన్‌లైను ప్రవేశముల రూపమున వచ్చినది. తెరమీద కాలేజీల పేర్లు, కోర్సుల పేర్లు వరుసగా నిలుచును. ఎదుట పదునెనిమిదేండ్ల బిడ్డ కూర్చుండును. ఇది యేమి, దీని వెనుక నేమి కలదు, దీనితో నెచ్చటికి పోవచ్చును, ఎచ్చటికి పోరాదు అని చెప్పు మనిషి మాత్రము ప్రక్కన నుండడు.

పూర్వమును ఈ లోపముండెను గాని యింతగా బాధింపలేదు. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. అని దారులు కొలదిగా నుండెడివి. బి.ఏ.లోను బి.ఎస్‌సి.లోను మూడు విషయములు సమముగా చదివెడివారు గనుక ఒకటి కలిసిరాకున్న మరియొకటి ఆదుకొనెడిది. నేటి సంగతి వేరు. 2020లో జాతీయ విద్యావిధానము వచ్చినది. 2021లో క్రెడిట్ల బ్యాంకు వచ్చినది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము నాలుగేండ్ల డిగ్రీ చట్రమును ప్రకటించినది. దాని ప్రకారము 120 క్రెడిట్లకు మూడేండ్ల పట్టా. 160 క్రెడిట్లకు నాలుగేండ్ల ఆనర్సు పట్టా. మొదటి యేటి పిమ్మట విడిచిపోవువారు వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు కూడ ముగించిననే సర్టిఫికెటు. విడిచిపోయినవారు మూడేండ్లలోగా తిరిగి చేరవలెను. మొత్తము చదువు ఏడేండ్లలో ముగింపవలెను. పరిశోధనతోడి ఆనర్సు కావలెనన్న మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 వంతున మార్కులుండవలెను. మన రాష్ట్రమున 2021-22 నుండి డిగ్రీ తరగతులను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చిరి. 2023-24లో మొదటి యేటనే ఒక ప్రధాన విషయము నెన్నుకొను పద్ధతిని ప్రవేశపెట్టిరి.

ఈ మార్పులు మంచివా కావా యను చర్చ మరియొకనాటిది. మంచివే యనుకొందము. అట్లైనను పైన వ్రాసిన వాక్యములను మరియొకసారి చదువుడని పాఠకులను కోరుచున్నాము. ఇరువదేండ్లుగా కాగితములతో బ్రదుకుచున్న మాకే అవి రెండుమారులు చదివినగాని బోధపడలేదు. పుంగనూరు దగ్గరి పల్లెనుండియో, సత్యవేడు దగ్గరి పల్లెనుండియో, ఇంటిలో మొదటిసారి కాలేజీ గడప త్రొక్కుచున్న బిడ్డకు అవి యెవరు విడమరచి చెప్పవలెను? ఆ బిడ్డ తలిదండ్రులు చెప్పలేరు. అన్న చెప్పలేడు. కాలేజీయే చెప్పవలెను.

చెప్పుటకు మనుష్యులను నియమించితిమి గదా యని విశ్వవిద్యాలయములవారు మాకు జవాబు చెప్పగలరు. నిజమే, నియమించినారు. మెంటరు అని వారికి పేరు. 2018లో గ్రాంట్ల సంఘము చేసిన నిబంధనలలో, డిగ్రీ తరగతుల అధ్యాపకులు దినమునకు కనీసము రెండు గంటలు విద్యార్థులకు మార్గదర్శనము చేయవలెనని వ్రాయబడినది. కాలేజీలకు యోగ్యతను నిర్ణయించు న్యాక్ సంస్థ ఒక్కొక్క మెంటరునకు ఎందరు విద్యార్థులో ఆ నిష్పత్తిని లెక్క యడుగును. కావుననే న్యాక్ బృందము వచ్చునను వార్త పుట్టినతోడనే అధ్యాపకులకు విద్యార్థుల జాబితాలు పంచబడును, పుస్తకములు కుట్టింపబడును, సంతకములు పెట్టింపబడును. నిష్పత్తి చక్కగా నుండును. ఆ పుస్తకములో "విద్యార్థికి తగిన సలహా ఇవ్వబడినది" అని యుండునే గాని, ఏమి సలహా, ఎవరికి, దాని ఫలితమేమి యని యుండదు. ఇదంతయు అధ్యాపకుల సోమరితనమని మేమనము. రసాయనశాస్త్రము చెప్పుటకు రసాయనశాస్త్రము నేర్చి వచ్చిన మనిషికి ఒకనాటి ప్రొద్దున సర్క్యులరు పంపి, నీవీ ముప్పదిమందికి జీవితమార్గము చూపుమనిన ఆయన యేమి చేయును? నిబంధనలో కాలము వ్రాసినారు. నేర్పును గూర్చి వ్రాయుట మరచినారు.

మా వృత్తితో పోల్చి చూతము. అరయెకరము గట్టు తగవులో ఒక రైతుకు సలహా చెప్పుటకు మాకు న్యాయశాస్త్రపు పట్టా కావలెను. 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద బార్ కౌన్సిలులో పేరు నమోదు కావలెను. 2010 నుండి పట్టా పుచ్చుకొని వచ్చువారు అఖిలభారత బార్ పరీక్షలో గూడ నెగ్గవలెను. ఇవన్నియు ముగించి వచ్చిన కుర్రవానినైనను ఏ పెద్ద వకీలును వెంటనే కక్షిదారుని ముందు కూర్చుండబెట్టడు. వానిచేత కట్టలు మోయించును, వాయిదాలు వ్రాయించును, తాను కక్షిదారుని ప్రశ్నించు తీరును మూలకూర్చుండి వినుమనును. ఎందుకనగా కక్షిదారుడు మొదట చెప్పునది అసలు సంగతి కాదని, అసలు సంగతి మూడవ ప్రశ్నకో నాలుగవ ప్రశ్నకో బయటపడునని పెద్దవకీలు ఎరుగును. అరయెకరమునకే యింత జాగ్రత్త గదా. ఒక బిడ్డ నలువది యేండ్ల జీవితమును గూర్చి సలహా చెప్పుటకు ఒక్కదినపు శిక్షణయైనను అక్కరలేదనుట ఏ న్యాయము?

ఇచ్చట మా మిత్రులు కొందరు మహనీయుల నుదాహరించి మమ్ములను వారింపజూతురు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి ఏ మెంటరు సలహా చెప్పెను? ఆయన మన తిరుపతిలోనే లూథరను మిషను పాఠశాలలో చదివి, వేలూరు పోయి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ చేరి, జగద్విఖ్యాతుడు కాలేదా? అయినారు. ఆయన తత్త్వశాస్త్రము నెన్నుకొనిన కారణము లోకవిదితమే: అదే కాలేజీలో పట్టా ముగించిన దాయాది యొకరు తన తత్త్వశాస్త్రపు పుస్తకముల నిచ్చినందున, కొత్త పుస్తకములు కొనుటకు సొమ్ములేక ఆ శాస్త్రములోనే చేరిరి. దేశము అదృష్టముచేత ఆ పుస్తకములు తత్త్వశాస్త్రపు పుస్తకములైనవి. లక్షలో ఒక్కరికి కలిసివచ్చిన యదృష్టమును లక్షమందికి విద్యావిధానముగా నిర్ణయింతుమా? మరియు, ఆ మహనీయుడే 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘమున కధ్యక్షుడై, ఉపన్యాసములు మాత్రమే చాలవని, చిన్న చిన్న గుంపులుగా విద్యార్థులను గురువులు దగ్గర కూర్చుండబెట్టుకొని బోధింపవలెనని, విద్యార్థుల సంక్షేమమునకై సలహాసంఘము లుండవలెనని ఆ సంఘము పక్షమున సిఫారసు చేసిరి. యాదృచ్ఛికముగా దారి దొరకిన మనిషి, తరువాతి వారికి దారి యాదృచ్ఛికముగా దొరకరాదని కోరుటలో వింతలేదు.

అమెరికాలో ఈ పనిని ఒక విద్యగా నెన్నియేండ్లనుండి చూచుచున్నారో తెలిసికొనుట మనకు మేలు. 1972లో బర్న్స్ క్రూక్‌స్టన్ అను పండితుడు విద్యార్థికి సలహా చెప్పుట గూడ బోధనయే యని వాదించెను. జబ్బునకు మందు చీటి వ్రాసినట్లు "ఇది తీసుకొనుము, అది విడువుము" అనుట ఒక తీరు. విద్యార్థి తన కోరికను, తన శక్తిని తానే పరీక్షించుకొని నిర్ణయించుకొనునట్లు తోడ్పడుట మరియొక తీరు. రెండవదే విశ్వవిద్యాలయమునకు తగినదని ఆయన మతము. 1977లో అచ్చటి సలహాదారులు మొదటి జాతీయసభ జరుపుకొనిరి. 1979లో నకాడా యను సంఘమును స్థాపించుకొనిరి. 2017లో ఆ సంఘము సలహాదారునకు కావలసిన సామర్థ్యములను మూడు తెగలుగా నిర్ణయించినది: ఈ పని యెందుకు చేయవలెనను భావన, నియమములు, కోర్సులు, వసతులను గూర్చిన సమాచారజ్ఞానము, విద్యార్థితో మెలగు తీరు. అమెరికా పద్ధతిని తెచ్చి మన నెత్తిన రుద్దుకొందమని మా యభిమతము కాదు. శిష్యుని యోగ్యతను, ఇంటి పరిస్థితిని ఎరిగి విద్య చెప్పవలెనను భావము మనకు పరాయిది కాదు. వారు దానిని నేర్పవచ్చునని గ్రహించి నేర్పుచున్నారు. మనము దానిని పుట్టుకతో వచ్చు గుణమనుకొని ఊరకున్నాము.

నేర్పుటకు చోటు లేదా? తిరుపతిలోనే కలదు. 1986 విద్యావిధానము పిమ్మట 1987లో గ్రాంట్ల సంఘము అధ్యాపకుల శిక్షణకై అకాడెమిక్ స్టాఫ్ కాలేజీల పథకమును ఆరంభించినది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున నున్న అట్టి కేంద్రమే నేడు మాలవీయ మిషను ఉపాధ్యాయ శిక్షణ కేంద్రముగా పనిచేయుచున్నది. 2023 సెప్టెంబరు 5న ఆరంభమైన యీ మిషనునకు ఎనిమిది పాఠ్యాంశములు నిర్ణయింపబడినవి: సమగ్రవిద్య, భారతీయ జ్ఞానపరంపర, విద్యాపాలనము, ఉన్నతవిద్య-సమాజము, పరిశోధన, నైపుణ్యములు, విద్యార్థుల వైవిధ్యము, సమాచార సాంకేతికము. ఎనిమిదియు మంచివే. తొమ్మిదవది లేదు. విద్యార్థి యెదుట కూర్చుండి అతని మాట విని అతనికి దారి చెప్పు విద్యకు ప్రత్యేకముగా నొక పీట వేయలేదు.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయమైన మేమింత గట్టిగా వ్రాయము. 2025 జూలై 25న సుప్రీముకోర్టు, మన రాష్ట్రమున నొక విద్యార్థిని మరణమునుండి పుట్టిన వ్యాజ్యములో, దేశమందలి విద్యాసంస్థల కన్నిటికి పదునైదు ఆదేశములిచ్చినది. నూర్గురు విద్యార్థులున్న ప్రతి సంస్థలోను కనీసము ఒక అర్హతగల సలహాదారుడో మనస్తత్త్వవేత్తయో సామాజిక కార్యకర్తయో ఉండవలెను. పరీక్షల సమయమునను, ఒక చదువునుండి మరియొక చదువునకు మారు సమయమునను చిన్న చిన్న గుంపులకు ప్రత్యేక మార్గదర్శకుల నియమింపవలెను. బోధకులును ఇతర సిబ్బందియు ఏటికి రెండుమారులైనను శిక్షణ పొందవలెను. శాసనసభలు చట్టము చేయువరకు ఈ యాదేశములే చట్టమని ధర్మాసనము చెప్పినది. న్యాయవాదులముగా మేము స్పష్టముగా మనవి చేయుచున్నాము: మెంటరునకు శిక్షణ ఇచ్చుట యిప్పుడు విశ్వవిద్యాలయముల దయాధర్మము కాదు, విధి.

దీనికి మూడు అభ్యంతరములు వినవచ్చుచున్నవి. మొదటిది, సమాచారమంతయు వెబ్‌సైటులో నున్నదనుట. చట్టములన్నియు గూడ వెబ్‌సైటులో నున్నవి. అయినను రైతు మా గడప యెక్కుచునే యున్నాడు. సమాచారము వేరు, అది తనకెట్లు వర్తించునో తెలియుట వేరు. రెండవది, పోస్టులే ఖాళీగా నున్నవి, అతిథి అధ్యాపకులతో కాలము గడుపుచున్నాము, శిక్షణకు తీరికెక్కడిదనుట. ఖాళీలు నిజము, వాని నింపుమని మేమును కోరుచున్నాము. కాని తప్పుదారిన పోయిన విద్యార్థి మూడేండ్లు వ్యర్థపరచుకొని మరల మొదటి తరగతిలో కూర్చుండిన, ఆ భారము గూడ ఆ కొద్దిమంది అధ్యాపకుల మీదనే పడుచున్నదిగదా? మూడవది, అనుభవమే శిక్షణ యనుట. అనుభవము గొప్పదే. కాని పాత పద్ధతిలో ఇరువదేండ్లు సలహా చెప్పిన పెద్దమనిషి, 2023 నాటి నియమమెరుగక పాత సలహాయే చెప్పినచో ఆ యనుభవమే బిడ్డ కొంప ముంచును.

శిక్షణలో ఏమి నేర్పవలెనను ప్రశ్నకు మా కనులయెదుటి సంగతులే జవాబు. తెలుగు మాధ్యమమున చదివివచ్చి ఇంగ్లీషు తరగతిలో నోరువిప్పని విద్యార్థి మందబుద్ధి కాడని గుర్తించుట నేర్పవలెను. కాయకోత దినములలో కాలేజీకి రాని కుర్రవానిని హాజరు పట్టీ చూపి గద్దించుటకు ముందు ఇంటి సంగతి అడుగుట నేర్పవలెను. పెండ్లి చేయుదురను భయముతో రెండవయేట చదువు విడువనున్న బాలికకు, విడిచినను తిరిగి వచ్చు గడువెంతయో, కూడబెట్టిన క్రెడిట్లేమగునో చెప్పుట, ఆమె తండ్రితో మాటలాడుట నేర్పవలెను. తన శక్తికి మించిన దుఃఖము కనబడినప్పుడు తానే వైద్యుడు కాబోక తగిన వైద్యుని వద్దకు పంపుట నేర్పవలెను. అన్నిటికంటె ముందు, "నీకెన్ని మార్కులు?" అను ప్రశ్నకు మునుపు "నీకేమి కావలెను?" అని యడిగి, జవాబు వచ్చువరకు ఓపికతో కూర్చుండుట నేర్పవలెను.

కావున మేము కోరునవి యివి. తిరుపతి శిక్షణ కేంద్రము విద్యాసలహాదారులకై ప్రత్యేకముగా రెండువారముల శిక్షణ నేర్పరుపవలెను. నియమములు మారిన ప్రతియేట ప్రవేశములకు ముందు మరల రెండు దినములు కూర్పవలెను. అది పొందనివారికి విద్యార్థుల జాబితా నియ్యరాదు. శిక్షణ తెలుగులో జరుగవలెను. ఏలనన విద్యార్థితోను, వాని తల్లితోను మాటలాడవలసినది తెలుగులో. ఒప్పంద అధ్యాపకులను, అతిథి అధ్యాపకులను విడువరాదు. ఆ దినములకు వారి వేతనము కోయరాదు. పదోన్నతిలో పరిశోధనపత్రమునకు గల గౌరవమును సలహాదారుని పనికిని ఇయ్యవలెను. పుస్తకములోని సంతకముల లెక్క చూచి గాక, ఆ విద్యార్థులేమైరో విచారించి ఇయ్యవలెను. ఆన్‌లైనులో ఐచ్ఛికములు పెట్టు గడువునకు ముందు ప్రతి డిగ్రీ కాలేజీయు మూడు దినములు తలుపులు తెరిచి, విద్యార్థులను తలిదండ్రులను ఎదుట కూర్చుండబెట్టుకొని, ఏ విషయము ఏ దారికి పోవునో చెప్పవలెను. ఈ కోరికలలో కోట్ల రూపాయల భవనమొక్కటియు లేదు.

రాయలసీమకు విద్య ఎవరును ఊరక యిచ్చినది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షుని, కట్టమంచి రామలింగారెడ్డిగారిని, చిత్తూరు సీమయే యిచ్చినది. అయినను ఈ సీమ తనకొక విశ్వవిద్యాలయ కేంద్రము కావలెనని 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడికలో వ్రాయించుకొనవలసివచ్చినది. అప్పుడనుకొనినది అనంతపురము, 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. నాటివారు దానిని గోడలకొరకు కోరలేదు. ఇంటిలో పలక పట్టినవాడు లేని బిడ్డకు గూడ చదువుదారి చూపు పెద్దదిక్కుగా కోరిరి.

ఆ పెద్దదిక్కు నేడు నోరు విప్పవలెను. వచ్చు జూన్ మాసమున మరల తెరమీద పేర్లు వరుసగా నిలుచును. మరల వేలకొలది బిడ్డలు ఎదుట కూర్చుందురు. ఆనాడు వారి ప్రక్కన నెవరుందురో, శిక్షణ పొందిన గురువుందురో, పది రూపాయలకు టిక్కు పెట్టు కుర్రవాడుండునో, విశ్వవిద్యాలయముల పెద్దలు ఇప్పుడే నిర్ణయింపవలెను. మా కార్యాలయమునకు ఇంకొక తాకట్టు దస్తావేజు రాకుండుటయే మాకు కావలసిన జవాబు.